ఫౌండేషన్‌కి 400 చాలా, 4000 పెట్టాలా? పెళ్లి కిట్ కొనేముందు ఈ వీడియో చూడండి

నమస్తే అండీ. ఇప్పుడు టైమ్ ఉదయం తొమ్మిది. నా ముఖం మీద ఇంకా ఏమీ రాయలేదు, కడుక్కుని మాయిశ్చరైజర్ మాత్రం రాసుకున్నాను. ఈ రోజు ఎడమ చెంపకి ఒక ఫౌండేషన్, అంటే ముఖం అంతా ఒకే రంగులో కనిపించడానికి రాసే క్రీమ్, కుడి చెంపకి ఇంకో ఫౌండేషన్ రాసి చూపిస్తాను. ఒకటి 400 రూపాయల లోపు దొరికేది. రెండోది 4000 దాటింది. ఏది ఏదో నాకు తెలియదు. మా చెల్లి రెండింట్లోంచి కొంచెం కొంచెం తీసి ఈ చిన్న డబ్బాల్లో పోసి, మూతల మీద "క" అని, "గ" అని రాసి ఇచ్చింది.

ఎడమవైపు "క" రాస్తున్నాను. తడిపి పిండిన స్పాంజ్, ఇదిగో ఇలా అద్దుతున్నాను, రుద్దడం లేదు. కుడివైపు "గ". అదే స్పాంజ్ రెండో కొస. రెండింటికీ పైన పౌడర్ కూడా ఒకటే. ఇప్పుడు దగ్గరికి వస్తాను, చూడండి. మీకు తేడా కనిపిస్తోందా? నాకైతే అద్దంలో కనిపించడం లేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ ఇదే చోట కూర్చుని చూద్దాం. అప్పటిదాకా ఫ్యాన్ కింద కూర్చోను, వంటింట్లో పని ఉంది.

ఈ వీడియో ఎందుకు చేస్తున్నానంటే, ఈ మధ్య పెళ్లి కుదిరిన అమ్మాయిల దగ్గర నుంచి ఒకే ప్రశ్న వస్తోంది. "అక్కా, కిట్‌కి 15,000 పెట్టుకున్నాను. అన్నీ పెద్ద బ్రాండ్‌వే కొనాలా? చవకవి వాడితే ముఖం పాడవుతుందా?" ఇంకొందరు అమెరికా వీడియోలు చూసి "డ్రగ్‌స్టోర్ మేకప్ మంచిదేనా అక్కా" అని అడుగుతున్నారు. అక్కడ డ్రగ్‌స్టోర్ అంటే సీవీఎస్, వాల్‌గ్రీన్స్ లాంటి మందుల షాపులు. మందులతో పాటు అరల్లో లిప్‌స్టిక్‌లు కూడా ఉంటాయి. మన దగ్గర ఆ పని చేసేవి ఫ్యాన్సీ షాపులు, డీమార్ట్, ఇప్పుడు నైకా యాప్. లాక్మే, మేబెలిన్, స్విస్ బ్యూటీ, షుగర్ లాంటివి అక్కడ దొరుకుతాయి. ఖరీదైనవి అంటే మ్యాక్, బాబీ బ్రౌన్, ఎస్టే లాడర్, హుడా బ్యూటీ లాంటివి. మాల్స్‌లో వాటికి వేరే కౌంటర్లు ఉంటాయి.

ఒక విషయం ముందే చెప్పేస్తాను. బ్రాండ్ పేరు చూసి భయపడకండి, మురిసిపోకండి. మేబెలిన్ లోరియల్ కంపెనీది. బాగా ఖరీదైన లాంకోమ్ కూడా ఆ కంపెనీదే. మ్యాక్, క్లినిక్, బాబీ బ్రౌన్ మూడూ ఎస్టే లాడర్ కంపెనీవి. ఒకే కంపెనీ ఒక ఇంట్లో కాలేజీ అమ్మాయికీ వాళ్ల మేనత్తకీ వేరువేరు ధరల్లో అమ్ముతోందన్నమాట. రెండింట్లో సరుకు ఒకటే అని నేను అనడం లేదు. ధర పెరిగినప్పుడు మీకు అదనంగా ఏం దొరుకుతోందో తెలుసుకుని కొనమంటున్నాను.

మరి ఏం దొరుకుతుంది? నా 11 ఏళ్ల పనిలో నాకు అర్థమైంది ఇది. ఖరీదైన కౌంటర్‌లో మీరు డబ్బు పెట్టేది చాలావరకు రాసి చూసుకోవడానికి. అక్కడ టెస్టర్ ఉంటుంది, ముఖం మీద రాసే మనిషి ఉంటుంది, ఒకదానికొకటి దగ్గరగా ఉండే షేడ్‌లు వరుసగా చాలా ఉంటాయి. ఫ్యాన్సీ షాపులో సీసాకి సీల్ ఉంటుంది. పైన ఉన్న రంగు చూసి అదృష్టం మీద తీసుకోవాలి. ముఖానికి నప్పని షేడ్ 400కి కొన్నా దండగే, 4000కి కొన్నా దండగే.

ఇది నాకు ఎక్కడ తెలిసిందో చెప్తాను. 6 ఏళ్ల క్రితం మా పిన్ని కూతురి పెళ్లి. మా ఇంట్లో మొదటి ఆడపిల్ల పెళ్లి కదా అని అందరం కలిసి వెళ్లి ఖరీదైన ఫౌండేషన్ కొన్నాం. షాపు లైట్ల కింద, చేతి వెనకవైపు రాసి చూశాం. బాగుందనిపించింది. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకి. ముందురోజు పెళ్లికూతుర్ని చేశారు, నలుగు పెట్టారు, ముత్తయిదువలు చేతులకీ కాళ్లకీ మెడకీ పసుపు బాగా పట్టించారు. నేను రాత్రి ఒంటిగంటకు మేకప్ మొదలుపెట్టాను. మా ఇంటి ట్యూబ్‌లైట్ కింద అంతా సరిగ్గానే ఉంది. పీటల మీద కూర్చోబెట్టి వీడియో లైట్ వేశారు. మెడ బంగారు రంగులో ఉంది. ముఖం గులాబీ తెలుపులో ఉంది. గడ్డం కింద గీత గీసినట్టు రెండు రంగులు. అప్పటికి పురోహితుడు మంత్రం మొదలుపెట్టేశారు, నేను వెళ్లి సరిచేసే వీలు లేదు. ఆ ఆల్బమ్ ఇప్పటికీ వాళ్ల ఇంట్లో ఉంది. ఎప్పుడు తెరిచినా నా చూపు ఆ మెడ దగ్గరే ఆగుతుంది. పిల్ల ఏమీ అనలేదు, కానీ నాకు బాధే.

తప్పు ఆ ఫౌండేషన్‌ది కాదు, మేం చూసిన తీరుది. అందుకే ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి పెళ్లికూతురికీ చెప్పేది ఒకటే. షేడ్ చేతి మీద చూడొద్దు, దవడ మీద చూడండి. దవడ మీద మూడు షేడ్‌లు పక్కపక్కన నిలువు గీతల్లా, మెడ మీదకి వచ్చేలా రాయించుకోండి. వెంటనే కొనకండి. షాపు బయటికి రండి, ఎండ వెలుతురులో ఫోన్ కెమెరాతో ఫొటో తీసుకోండి. తర్వాత టీ తాగండి, చీరలు చూడండి, రెండు గంటలు తిరగండి. కొన్ని ఫౌండేషన్లు రాసిన కాసేపటికి ముదురుతాయి, నారింజ రంగుకి తిరుగుతాయి. రంగు కోసం వాటిలో ఐరన్ ఆక్సైడ్ పొడులు కలుపుతారు. అవి చర్మపు జిడ్డుతో కలిసినప్పుడు, పైన ఉన్న తడి ఆరిపోయినప్పుడు రంగు ముదురుగా కనిపిస్తుంది. జిడ్డు చర్మం ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ. రెండు గంటల తర్వాత కనిపించేదే ఆ సీసా అసలు రంగు అనుకోండి. ఆ మూడు గీతల్లో ఏది వెతికినా కనపడకుండా చర్మంలో కలిసిపోయిందో అదే మీ షేడ్.

పసుపు సంగతి కూడా ముందే ఆలోచించాలి. నలుగు తర్వాత మెడ మీద ఎంతోకొంత పసుపు ఛాయ ఉండిపోతుంది. క్లెన్సింగ్ మిల్క్‌తో మెడ, చెవుల వెనక రెండుసార్లు తుడిపించుకోండి. ఫౌండేషన్ మెడ దాకా, హారం పడేచోటి దాకా దించండి. షేడ్ ఎంచుకునేటప్పుడే గులాబీ ఛాయ వైపు వెళ్లకుండా పసుపు ఛాయ ఉన్నది తీసుకోండి, మనలో ఎక్కువమందికి అదే నప్పుతుంది. మ్యాక్ కౌంటర్‌లో షేడ్ మీద ఎన్‌సి, ఎన్‌డబ్ల్యు అని ఉంటుంది. చాలామంది వీటిని తిరగేసి అనుకుంటారు. ఎన్‌సి పసుపు ఛాయ చర్మానికి, ఎన్‌డబ్ల్యు గులాబీ ఛాయ చర్మానికి. గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ ఇంకో మాట. ఇది నాకు చాలా ముఖ్యం. అమ్మాయి చామనఛాయ ఉంటుంది. పక్కన నిలబడ్డ పెద్దవాళ్లు "ఇంకొంచెం తెల్లగా ఉండేది చూడమ్మా, పెళ్లికూతురు కదా" అంటారు. అమ్మాయి మొహమాటానికి సరే అంటుంది. రెండు షేడ్‌లు తెల్లగా ఉన్నది రాస్తే చామనఛాయ ముఖం తెల్లగా అవ్వదండీ, బూడిద రాసినట్టు అవుతుంది. పైగా ఫొటోలో చేతులు ఒక రంగు, ముఖం ఒక రంగు. మీ రంగు మీ అందం. దానికి సరిపడే షేడ్ చవక బ్రాండ్‌లో దొరికితే అదే కొనండి. దొరక్కపోతే అప్పుడు ఖరీదైన దానికి వెళ్లండి, ఆ డబ్బుకి అర్థం ఉంటుంది. పెద్దవాళ్లకి నేను ఎలా చెప్తానంటే, ఒక చెంప వాళ్లు అడిగిన షేడ్‌తో, ఒక చెంప అసలు షేడ్‌తో వేసి ఫోన్‌లో ఫొటో తీసి చూపిస్తాను. ఫొటో చూశాక ఎవరూ వాదించరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఫౌండేషన్ సీసా మామూలుగా 30 మిల్లీలీటర్లు. ముఖానికీ మెడకీ కలిపి ఒకసారికి ఒక మిల్లీలీటర్ పడుతుందనుకుందాం. పెళ్లి, రిసెప్షన్, సత్యనారాయణ వ్రతం, ఇంకో రెండు ఫంక్షన్లు, మొత్తం 5 సార్లు. అంటే 5 మిల్లీలీటర్లు వాడారు, 25 మిగిలాయి. సీసా వెనక మూత తీసిన డబ్బా బొమ్మ ఉంటుంది చూడండి, దాని మీద 12ఎం అని ఉంటే తెరిచాక 12 నెలలే అని అర్థం. రోజూ మేకప్ వేసుకునే అలవాటు లేనివాళ్లకి 4000 సీసాలో సుమారు 3300 రూపాయల సరుకు అలాగే పాతబడిపోతుంది. మీరు ఆ కోవలో ఉంటే మినీ సైజ్ ఉందేమో అడగండి, ఖరీదైన బ్రాండ్లు చాలావాటిలో ఉంటుంది. చవకవాటిలో మేబెలిన్ ఫిట్ మీ 18 మిల్లీలీటర్ల ట్యూబ్ కూడా ఉంది. అదే మీరు రోజూ ఆఫీసుకి వేసుకునేవారైతే పెద్ద సీసా ఖాళీ అవుతుంది, అప్పుడు ఖర్చు బాధ ఉండదు.

చవక, ఖరీదు ఈ రెండూ కాకుండా మూడో దారి కూడా ఉంది. మేకప్ ఆర్టిస్టుల కిట్‌లలో క్రయోలాన్ టీవీ పెయింట్ స్టిక్ చూసే ఉంటారు. 1945లో బెర్లిన్‌లో మొదలైన కంపెనీ, నాటకాలకీ సినిమాకీ మేకప్ తయారుచేయడమే వాళ్ల పని. మన దగ్గర కూచిపూడి నాట్యం చేసే పిల్లల ముఖాల మీద, సినిమా సెట్‌ల మీద, పెళ్లి మండపాల్లో ఇది నడుస్తూనే ఉంది. చాలా చిక్కగా ఉంటుంది, బియ్యపు గింజంత తీసుకుంటే చెంప అంతా వస్తుంది. పెట్టె మీద మెరుపులేమీ ఉండవు, పని ఉంటుంది. కానీ చెయ్యి అలవాటు లేకపోతే మందంగా, ముసుగు వేసినట్టు పడుతుంది. సొంతంగా వేసుకునేవాళ్లు పెళ్లికి నెల ముందు నుంచి ఇంట్లో వేసి చూసుకోండి.

కళ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను గట్టిగా చెప్తాను, మస్కారాకి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఆ ట్యూబ్‌లోకి బ్రష్ లోపలికీ బయటికీ తిరుగుతూ గాలినీ క్రిములనీ తీసుకెళ్తుంది. ఎంత ఖరీదైనదైనా మూడు నెలలకి పారేయాలి. పారేసేదానికి 3000 ఎందుకు? మన పెళ్లిలో కావలసింది నీటికి చెదరనిది, అంతే. హోమం పొగకి కళ్లు నీళ్లు కారతాయి, అప్పగింతల్లో ఏడుపు ఆగదు. వాటర్‌ప్రూఫ్ అని ఉన్న చవక మస్కారా, చవక ఐలైనర్ ఆ పని బాగానే చేస్తాయి. తీసేటప్పుడు మాత్రం నీళ్లతో రుద్దొద్దు. నూనె ఉన్న రిమూవర్ దూదిలో ముంచి కంటి మీద 20 సెకన్లు ఉంచి లాగండి.

కాటుక కూడా చవకదే తీసుకోండి, కానీ బ్రాండ్ పెన్సిల్ తీసుకోండి. విడిగా పొట్లాల్లో, పేరు లేని డబ్బాల్లో అమ్మే సుర్మా, కాటుక కంటి లోపల పెట్టొద్దు. కొన్ని సుర్మాలు సీసం ఉన్న ఖనిజంతో చేస్తారు. కాస్మెటిక్స్‌లో రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదని మన దేశంలో నిబంధన ఉంది. లేబుల్ లేని దానికి ఆ నిబంధన ఎవరు పాటించారో అడిగే దిక్కు లేదు. చంటిపిల్లలకి అసలే వద్దు.

లిప్‌స్టిక్ గురించి ఎక్కువ చెప్పను. రంగు నచ్చితే చవకది చాలు. భోజనాల దాకా చెదరకుండా ఉండాలంటే లిక్విడ్ మ్యాట్ తీసుకోండి. అవి పెదవి మీద పొరలా ఆరిపోతాయి, నీళ్లకి పోవు, కానీ నూనెకి కరుగుతాయి. పులిహోర, బూరెలు, నెయ్యి వేసిన పప్పు తిన్నాక పెదవుల మధ్యలో ఊడిపోయి చుట్టూ గీతలా మిగులుతుంది. భోజనం అయ్యాక మొత్తం తుడిచి మళ్లీ వేసుకోండి, పాతదాని మీద పూయకండి.

పౌడర్ విషయంలో ధర కన్నా ఒక పరీక్ష ముఖ్యం. తెల్లగా ఉండే కొన్ని ట్రాన్స్‌లూసెంట్ పౌడర్లు, అంటే ముఖానికి రంగు ఇవ్వకుండా జిడ్డు ఆపేవి, మామూలుగా చూస్తే బాగుంటాయి, ఫ్లాష్ పడగానే ముఖం మీద సున్నం కొట్టినట్టు వస్తాయి. వాటిలో ఉండే సిలికా వెలుతురుని వెనక్కి కొడుతుంది. ఫౌండేషన్‌లో సన్‌స్క్రీన్ కోసం వేసే టైటానియం డయాక్సైడ్ కూడా అంతే. ఖరీదైనవాటిలోనూ ఇది ఉంటుంది. రాసుకుని, గదిలో లైట్ ఆపి, ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీసుకోండి. మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్లు ముగ్గురు ఉంటారు, ఫ్లాష్ ఆగదు. నుదుటి మీద మాత్రం పౌడర్ కాస్త ఎక్కువ అద్దండి. బాసికం దారం కట్టేచోట రాపిడికి ఫౌండేషన్ పోతుంది. జీలకర్ర బెల్లం పెట్టాక ఆ రసం కూడా నుదుటి మీదకి దిగుతుంది. ఆ పాకాన్ని టిష్యూతో అద్దాలి, తుడవకూడదు. ఈ మాట పక్కన కూర్చునే తోడిపెళ్లికూతురికి చెప్పి పెట్టండి.

15,000 ఉన్నాయన్న అమ్మాయికి నేనిచ్చిన సలహా ఇదీ. ఫౌండేషన్‌కీ, మచ్చలు కప్పే కన్సీలర్‌కీ కలిపి 6000 దాకా వెళ్లు, రాసి చూసుకుని కొను. మంచి స్పాంజ్ ఒకటి, మెత్తని బ్రష్‌లు నాలుగు కొను, అవి ఫౌండేషన్ కన్నా ఎక్కువ కాలం పనికొస్తాయి. మిగతావన్నీ ఫ్యాన్సీ షాపులో. పిన్నులు, దూది, టిష్యూలు, సవరాలు హైదరాబాద్ వాళ్లయితే బేగంబజార్‌లో తెచ్చుకోవచ్చు. మిగిలిన డబ్బు ట్రయల్ మేకప్‌కి పెట్టు. అలా ట్రయల్‌కి తనకి 5000 మిగిలాయి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. 4000 వస్తువు 900కి అని కనిపిస్తే ఆశపడకండి. పేరున్న బ్రాండ్లకి డూప్లికేట్లు వస్తుంటాయి. పెట్టె మీద చూడాల్సినవి ఉన్నాయి. ఇక్కడ తయారైనదైతే తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ ఉండాలి. విదేశం నుంచి వచ్చినదైతే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం దిగుమతి రిజిస్ట్రేషన్ నంబర్, దిగుమతి చేసినవారి పేరు, చిరునామా ఉండాలి. ఆ స్టిక్కర్ లేకపోతే తీసుకోవద్దు. అమెరికా నుంచి అక్కావాళ్లు తెస్తే అది వేరు, వాళ్లు అక్కడి షాపులో బిల్లుతో కొని తెస్తారు.

ఏది కొన్నా, పెళ్లికి వారం ముందు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎర్రదనం వస్తే అది మీది కాదు. సువాసన ఎక్కువున్నవి కొందరి చర్మానికి పడవు, ఖరీదైనవాటిలో సువాసన కలిపినవి చాలానే ఉంటాయి.

సరే, ఇప్పుడు ఒంటిగంట దాటింది. పప్పుచారు పెట్టాను, అప్పడాలు వేయించాను, స్టవ్ దగ్గరే గంటన్నర నిలబడ్డాను. కిటికీ దగ్గరికి వస్తాను, ఎండ వెలుతురులో చూడండి. ముందు ఎడమవైపు, "క". ముక్కు పక్కన ఈ మడత దగ్గర విడిపోయింది, చిన్న చిన్న చుక్కల్లా చర్మం కనిపిస్తోంది. నవ్వితే ఇక్కడ గీత పడుతోంది. చెంప మీద మాత్రం బాగానే ఉంది. ఇప్పుడు కుడివైపు, "గ". ముక్కు పక్కన నిలిచింది. గీత కొంచెమే. కానీ రంగు చూడండి, పొద్దున కన్నా అర షేడ్ ముదిరింది. దవడ దగ్గర మెడతో కలవడం లేదు. టిష్యూ అద్దుతాను. ఎడమవైపు జిడ్డు మరక పెద్దది, కుడివైపు చిన్నది.

చెల్లీ, చెప్పు. "క" ఏది?

"క" 400ది అంట. "గ" 4000ది.

అంటే నా చర్మానికి చవకదాని రంగు నప్పింది, ఖరీదైనది ఎక్కువసేపు నిలిచింది. ఈ రోజు నేను పెళ్లికూతుర్ని అయితే "క" తీసుకుంటాను. ముక్కు పక్కన విడిపోతే టిష్యూతో అద్ది, స్పాంజ్‌తో ఒక్కసారి తట్టితే సర్దుకుంటుంది. ఇదిగో, తడుతున్నాను. చూశారా, కలిసిపోయింది. కుడివైపు రంగు ముదిరాక మండపంలో నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ సీసా కౌంటర్‌కి తీసుకెళ్లి, అదే దాంట్లో అర షేడ్ లేతది దవడ మీద రాయించుకుని, ఈసారి రెండు కాదు, నాలుగు గంటలు తిరిగి చూస్తాను. అది కుదిరితే వచ్చే నెల నేను చేసే పెళ్లికి దాన్నే కిట్‌లో పెట్టుకుంటాను. ఆ వీడియో కూడా పెడతాను.

మీ చర్మం జిడ్డా, పొడా, ఏ నెలలో పెళ్లి, మండపం ఏసీదా, ఆరుబయటా, ఈ మూడూ కామెంట్‌లో రాయండి. మే నెలలో ఆరుబయట పెళ్లి ఉన్నవాళ్లకి ముందు జవాబిస్తాను.